రోడ్డు మీద మినుములు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. పొద్దున్న రోడ్డు నిండా మినప కట్టె పరిచి ఉన్నప్పుడు బండి నెమ్మదిగా నడిపాను. సాయంత్రం ఆ కట్టె ఎత్తేసి రోడ్డు ఖాళీగా కనిపించేసరికి స్పీడు పెంచాను. చేయాల్సింది సరిగ్గా తిరగేసి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నేను అపరాల మిల్లులో గుమస్తాని. మినుములు, పెసలు, కందులు కొనడం, తూకం వేయించడం, రాళ్ళూ మట్టీ కలిస్తే తరుగు తీయడం నా పని. మిల్లు సిమెంటు చప్టా మీద చెదిరిన గింజ మీద కాలు వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కొత్తగా చేరిన కూలీలకు నేనే చెప్పేవాణ్ణి, గింజ మీద పరుగెత్తకండ్రా, నడుం విరుగుతుంది అని.

తొంభైల చివరి మాట. మా ఇల్లు పెద్దాపురంలో. వరి కోతలయ్యాక మా వైపు పొలాల్లో మినుము పండుతుంది. ఎండ ముదిరేసరికి చేను పీకుతారు. కళ్ళం చేసుకునే చోటు లేనివాళ్ళు, ముఖ్యంగా కౌలు రైతులు, కాయలతో ఎండిన ఆ మొక్కల కట్టెను తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బళ్ళు తొక్కుతుంటే కాయ పగిలి గింజ కిందికి రాలుతుంది. మధ్యమధ్య కర్రలతో కట్టెను తిరగేస్తుంటారు. సాయంత్రం కట్టె దులిపి పక్కకు తీసి, కింద మిగిలిన గింజ ఊడ్చుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి మాకెవరికీ అది తప్పనిపించదు. డ్రైవర్లు తిట్టుకుంటూనే తొక్కి పోతారు.

ఆ పొద్దున్న నా భార్యా నేనూ మోటార్ సైకిల్ మీద పిఠాపురం బయలుదేరాం. వాళ్ళమ్మకు జబ్బు తగ్గితే కుక్కుటేశ్వరుడికి అభిషేకం చేయిస్తానని ఆమె మొక్కుకుంది. మెయిన్ రోడ్డు మీద లారీల గోల ఎందుకని పల్లెల్లోంచి పోయే చిన్న రోడ్డు పట్టాను. ఒక ఊరు దాటాక కాలవ పక్కన రోడ్డంతా మినప కట్టె. రెండు అంచులా వరసగా బండరాళ్ళు పేర్చారు, గింజ పక్కకు జారకుండా, బళ్ళు తప్పించుకుపోకుండా. బండి నెమ్మది చేసి, రాళ్ళకీ కట్టెకీ మధ్య సందులోంచి తప్పించుకుపోదామని చూస్తున్నాను. కట్టె తిరగేస్తున్న పెద్దావిడ కర్ర అడ్డం పెట్టింది. నోట్లో చుట్ట.

"అలా పక్కనించి పోతే మాకేటండీ లాభం? మద్దెలోంచి పోనివ్వండి బాబూ!"

"జారుతుందేమోనమ్మా" అన్నాను.

"కట్టె మీద జారదండీ, పరుపు మీద పోయినట్టే. అయినా మీ బండెంత, మీ బరువెంత! మీ ఇద్దరూ ఎక్కి తొక్కినా ఒక్క కాయ పగలదు. లారీలు రావాలి మాకు."

నా భార్య వెనక నుంచి నవ్వింది. "మా ఆయన్ని ఇంకో నాలుగు సార్లు తిప్పమంటారా అండీ?"

"తిప్పించమ్మా, కూలి కింద గారెలు పెడతాను." ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. "మీరు మిల్లు గుమస్తాగారు కదండీ? పోయినేడు మా మినుముల్లో రాళ్ళున్నాయని తరుగు తీసేరు."

"రాళ్ళుంటే తీయమా మరి?"

"రోడ్డు మీద నూరితే రాళ్ళు రాక రవ్వలొత్తాయా బాబూ?" అని తనే నవ్వేసింది. మేం కట్టె మీద నుంచి పోతుంటే వెనక నుంచి కేకేసింది. "సాయంత్రం ఇలాగే వత్తారా? కాసింత చూసుకుని రండి బాబూ. కట్టె ఎత్తేత్తాం. గింజ నేల మీదుంటది!"

నేను చెయ్యెత్తి ఊపాను, విన్నానన్నట్టు. విన్నాను కూడా. ఆ మాట నా చెవిలో పడలేదని ఎప్పుడైనా చెప్పి ఉంటే అది అబద్ధం.

గుళ్ళో పని త్వరగానే అయింది. భోజనాలయ్యాక నా భార్య, ఇంత దూరం వచ్చాం కదా, ఉప్పాడ వెళ్ళి నేత వాళ్ళ ఇంట్లో ఒక్క చీర చూసుకుని వచ్చేద్దాం అంది. ఇంకో రోజు అన్నాను. ఎందుకని అడిగితే ఎండ అన్నాను. ఎండ కాదు. ఆ రోజు టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. మన వాళ్ళ బ్యాటింగ్ సాయంత్రం మొదలవుతుంది. కొత్తగా కలర్ టీవీ కొన్న రోజులవి, వీధిలో వాళ్ళు కొందరు మా ఇంటికే వచ్చి చూసేవాళ్ళు. నేను లేకుండా మొదలైపోతుందని నా బెంగ. బండి దగ్గరికి వస్తుంటే చుట్టాలావిడ ఎవరో కనబడి మాటల్లో పెట్టింది. బయలుదేరేసరికి ఆలస్యమైంది. బండి ఎక్కిన దగ్గర్నుంచీ యాక్సిలరేటర్ మీద కోపం చూపిస్తూ నడిపాను.

"ఎందుకండీ అంత స్పీడు, కొంప మునిగిందా?" అంది ఆమె, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ రోజుల్లో ఆడవాళ్ళందరిలాగే ఒక పక్కకి కూర్చునేది. హెల్మెట్ అన్నది మా వైపు ఎవరింట్లోనూ లేదు.

పిఠాపురం నుంచి మా ఊరు పడమటి వైపు. ఎదురుగా పొద్దు వాలుతోంది, కళ్ళలోకి కొడుతోంది. కాలవ పక్కకి వచ్చాను. పొద్దున్న కట్టె పరిచిన చోటు దూరం నుంచే గుర్తుపట్టాను. ఎత్తేసిన కట్టె పక్కన కుప్పగా ఉంది. రోడ్డు నల్లగా, నున్నగా, ఖాళీగా కనిపించింది. హమ్మయ్య, అడ్డం తీసేశారు అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను. నల్లటి తారు మీద నల్లటి మినుములు. ఎండ కళ్ళలో. స్పీడోమీటర్ ముల్లు అరవై మీద ఉంది.

ఆ వెలుగులోంచి ఒక్కసారిగా పెద్దావిడ కనిపించింది. రోడ్డు మధ్య వంగి చీపురుతో ఊడుస్తోంది. బ్రేకు తొక్కాను. తర్వాత జరిగింది నా చేతిలో లేదు. ముందు చక్రం నేలను వదిలేసినట్టయింది. బండి పక్కకి వాలి గరగరమంటూ జారిపోయింది. దాంతోపాటు నేనూ జారాను. గింజలు వడగళ్ళలా మొహానికి తగిలాయి. పెద్దావిడకు రెండు బారల దూరంలో బండి ఆగింది. ఆవిడకు ఏమీ కాలేదు. నాకు మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోయాయి. లేచి నిలబడ్డాను. నిలబడగలిగినందుకు ఒక్క క్షణం సంతోషించాను కూడా.

తర్వాత వెనక్కి చూశాను. నా భార్య రోడ్డంచున, ఆ బండరాళ్ళ వరస దగ్గర పడి ఉంది. తల ఒక రాయికి ఆనించి పడుకున్నట్టుంది.

పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. జుట్టులోంచి నెత్తురు వస్తోంది. ఆ నెత్తుటికి మినుములు అంటుకున్నాయి. నేను వాటిని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. ఎందుకు తీశానో తెలియదు. అవి తీసేస్తే లేస్తుందనిపించింది.

"తల కదపకండి బాబూ, కదపకండి!" పెద్దావిడ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. నేల మీద చతికిలబడి నా భార్య తల ఒళ్ళో పెట్టుకుని, తన పైట చెంగు మడిచి గాయానికి అదిమింది. "ఓరయ్యో, ట్రాట్టరు తియ్యి! ట్రాట్టరు తియ్యి!" అని మొగుణ్ణి కేకేసింది. ఆయన పొలం ఆసామీ దగ్గర అడిగి తెచ్చుకున్న ట్రాక్టర్‌తో అప్పుడే కట్టె తొట్టిలోకి ఎత్తుకుంటున్నాడు. సగం నిండిన కట్టెను అలాగే ఉంచి పైన గోనెలు పరిచాడు. ముగ్గురం కలిసి ఆమెను ఎత్తి పడుకోబెట్టాం. ఊడ్చిన గింజ ఊడ్చినట్టే రోడ్డు మీద వదిలేసి వాళ్ళిద్దరూ మాతో బయలుదేరారు.

ట్రాక్టర్ ఎంత వేగంగా పోతుందో మా వైపు అందరికీ తెలుసు. సైకిల్ వాడు దాటేసి పోతాడు. మా పక్కనుంచి ఒకడు నిజంగానే దాటి, తొట్టిలోకి తొంగి చూసి, "అయ్యో" అనుకుంటూ పోయాడు. నేను తొట్టి ముందు చెక్క పట్టుకుని అరుస్తూనే ఉన్నాను.

"ఇంకొంచెం స్పీడు పెంచవయ్యా! నీ కాళ్ళు మొక్కుతాను, పెంచు!"

"ఇంతే ఎల్తాదండి ఇది! పెంచితే తొట్టి ఎగురుతాదండి, అమ్మగారికి తల..." అని ఆయన వెనక్కి తిరగకుండానే అరిచాడు. ఏడుస్తున్నాడని గొంతులో తెలిసింది.

నేను కొన్ని నిమిషాలు మిగుల్చుకుందామని అరవైలో వచ్చాను. ఇప్పుడు నిమిషాలన్నీ నా ముందు అలా నడిచిపోతున్నాయి, ఎద్దుబండి వెనక నడిచినట్టు. ఆమె ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టేవాణ్ణి. ట్రాక్టర్ కుదుపులో ఏదీ తెలిసేది కాదు. పెద్దావిడ ఆమె చెవి దగ్గర ఏదో మాట్లాడుతూనే ఉంది. "అమ్మా, గారెలు పెడతానన్నాను కదా, లెగమ్మా. మీ ఆయన్ని ఇంకో నాలుగు సార్లు తిప్పుదువుగాని, లెగమ్మా."

మెయిన్ రోడ్డుకు చేరాక ఒక వ్యాన్ దొరికింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి దీపాలు పెట్టారు. లోపల మెదడులో వాపు ఉంది, తెలివి ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు డాక్టర్లు. వస్తుందా అని అడిగాను. చూద్దాం అన్నారు. ఆ మాట ఎంత పెద్దదో నాకు అంతకుముందు తెలియదు. మిల్లులో నేను రోజూ రైతులకు చెప్పే మాటే అది. రేటు ఎంతండీ అంటే, చూద్దాం.

కాకినాడలోనే ఉండే మా బావ, నా భార్య అన్నయ్య, పరుగెత్తుకొచ్చాడు. అతనికి చెల్లెలంటే ప్రాణం. నా కాలర్ పట్టుకున్నంత పని చేశాడు. "ఎలా జరిగింది బావా? ఎలా పడేశావు నా చెల్లెల్ని?"

అప్పుడే ఆసుపత్రిలో ఉండే కానిస్టేబుల్ కాగితాలతో వచ్చాడు. "స్పీడు ఎంతండీ?" అని అడిగాడు. నేను ఇద్దరి మొహాలూ చూశాను.

"ముప్ఫై, నలభై ఉంటుందండి. రోడ్డంతా మినుములు పోసి, రాళ్ళు పేర్చి ఉంచారండి. ఏమీ కనబడలేదు."

అందులో ఏ ముక్కకు ఆ ముక్క నిజంలాగే ఉంది. స్పీడు తప్ప. చెప్పకుండా మింగేసిన మాట తప్ప. పెద్దావిడ గుమ్మం అవతల నేల మీద కూర్చుని ఉంది, పైటంతా నెత్తుటి మరకలతో. ఆమెకు వినిపించింది. నా వైపు చూసింది. నోరు తెరుస్తుందేమో, 'పొద్దున్నే చెప్పేను కదండీ బాబూ' అంటుందేమో అని భయపడ్డాను. ఆవిడ చెంగు కొనతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు వాళ్ళాయన్ని స్టేషన్‌కు తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. "రోడ్డు మీద రాళ్ళు పెట్టినోణ్ణి ఊరికే వదుల్తానా?" అని మా బావ పట్టుబట్టాడు. ఆ రాత్రి రోడ్డు మీద వదిలేసిన మినుములు బళ్ళు నలిపేసి, పశువులు తినేసి, మిగిలింది మట్టిలో కలిసిపోయిందని తర్వాత తెలిసింది. ఏడాది కౌలు పంట.

నా భార్యకు తెలివి రాలేదు. నేను మంచం పక్కన కూర్చునేవాణ్ణి. బయటికి వస్తే వరండాలో పెద్దావిడ ఉండేది. కొబ్బరిబొండం తెచ్చి ఇచ్చి, "అమ్మగారికి తెలివొత్తే తాగించండి బాబూ" అనేది. తెలివి లేని మనిషికి బొండం ఎలా పడతాం? ఆ బొండాలు మంచం కింద పోగుపడ్డాయి. ఒకసారి నా చేతులు పట్టుకుంది.

"మీరొక్క మాట చెబితే మా ఆయన్ని వదిలేత్తారంటండీ. రాళ్ళు పెట్టడం తప్పేనండీ. ఇంకెప్పుడూ పెట్టం. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ న్యాయం అడగలేదు, దయ అడిగింది. న్యాయం అడిగి ఉంటే ఎదురు తిరిగి అరిచేవాణ్ణేమో. "చూద్దాంలెండి" అని లోపలికి వెళ్ళిపోయాను. వెళ్ళి, గోడకు తల ఆనించి, ఈమె బతికితే చెప్పేస్తాను అని కుక్కుటేశ్వరుడితో బేరం పెట్టాను. బేరం పెట్టడం నాకు అలవాటే కదా. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఆమె బతకకపోతే? అప్పుడు ఎప్పటికీ చెప్పను. ఆ ముసలాయన జైల్లో ఉంటాడు, నేను భార్య పోయిన మగాడినై ఊళ్ళో జాలి తింటూ తిరుగుతాను. నేను అలాంటివాణ్ణేనని తెలిసింది. అంత అసహ్యం నా మీద నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

కొన్ని రోజులకు ఆమె కళ్ళు తెరిచింది. తెరిచి చాలాసేపు కప్పు వైపు చూసింది. గొంతు పీలగా వచ్చింది. "పాలు పొయ్యి మీద పెట్టేసి వచ్చానా?"

మా బావ భోరుమన్నాడు. నేను ఆమె అరచేయి నా కళ్ళకు అదుముకున్నాను.

మా బావ ఇంటికి వెళ్ళాక మేమిద్దరమే ఉన్నాం. పడిపోవడం ఆమెకు గుర్తు లేదు. గుడి కొంచెం గుర్తుంది. పొద్దున్నది మాత్రం బాగా గుర్తుంది. "ఎవరో నన్ను ఒళ్ళో పెట్టుకున్నారండీ. చుట్ట వాసన వేసింది. ఆవిడేనా, పొద్దున్న గారెలు పెడతానందీ, ఆవిడేనా?"

"ఆవిడే."

"సాయంత్రం చూసుకుని రమ్మంది కదూ? గింజ నేల మీదుంటుందని?"

"అంది."

"మరి చూడలేదా?"

ఆ గదిలో నాకు ఎటు చూడాలో తెలియలేదు. చెప్పాను. అరవై అని చెప్పాను. ఎండ కళ్ళలో పడుతున్నా తగ్గించలేదని చెప్పాను. కానిస్టేబుల్‌కు ఏం చెప్పానో, ఆ ముసలాయన ఎక్కడున్నాడో చెప్పాను. "ఎందుకంత తొందర?" అని అడిగింది. క్రికెట్ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికి రావడానికి పట్టినంత సేపు ట్రాక్టర్ ప్రయాణానికి కూడా పట్టలేదేమో.

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. "ముందు ఆయన్ని విడిపించి రండి. తర్వాతే నా దగ్గర కూర్చోండి."

స్టేషన్‌లో ఎస్సైగారికి కోపమొచ్చింది. "అప్పుడొక మాట, ఇప్పుడొక మాటేంటండీ? మేమేమైనా ఖాళీగా ఉన్నామా? అలాగైతే కేసు మీ మీదే కడతాను."

"కట్టండి. నాకు పొద్దున్నే చెప్పారండి ఆవిడ. నేను విని కూడా అరవైలో వచ్చాను."

"రాళ్ళు పెట్టడం తప్పు కాదంటారా?"

"అది వాళ్ళ తప్పండి. నేను నెమ్మదిగా వచ్చి ఉంటే ఆ రాళ్ళు రాళ్ళలాగే ఉండేవి."

కేసు కట్టారు. కోర్టుకు వెళ్ళి తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను. మా బావ చాలా కాలం మా గుమ్మం తొక్కలేదు. చెల్లెల్ని చూడాలంటే కబురు పెట్టి రప్పించుకునేవాడు. ముసలాయన స్టేషన్ మెట్లు దిగుతూ నాకే దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోలేక ఆయన చేతులు పట్టి కిందికి దించేశాను.

నా భార్య లేచి తిరిగింది. నడుస్తుంది, నవ్వుతుంది, లెక్కలు చెబుతుంది. ఒక్కటే పోయింది. ఇంటికొచ్చిన వారానికి పాలు మాడి ఇల్లంతా మాడు వాసన కమ్మినా ఆమె పొయ్యి పక్కనే కూర్చుని కూర తరుగుతోంది. నేను మల్లెపూలు తెచ్చి ముక్కు దగ్గర పెట్టాను. తల అడ్డంగా ఊపింది. వాసన తెలియడం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు. రాలేదు. ఆ చుట్ట వాసనే ఆమెకు తెలిసిన ఆఖరి వాసన. ఇప్పుడు పోపు వేసేటప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడతాను. "చూడండి, వేగిందా?" అంటుంది. చూసి కాదు, పీల్చి చెబుతాను.

మరుసటి ఏడు మినుము చేలు పీకే రోజులు వచ్చాయి. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే మిల్లు చప్టా మీద ఆ ఊరి రైతుల్ని నూర్చుకోనివ్వమని ఓనరుగారిని అడిగాను. "ఒకళ్ళకిస్తే ఊరంతా దిగుతారు, ఆ గోల నాకొద్దు" అన్నారు. ఊక అడిగాను. అది తీసుకుపొమ్మన్నారు. పాత గోనె సంచుల్లో ఊక కుక్కి, నోళ్ళు కుట్టి, బండి మీద విడతలు విడతలుగా ఆ కాలవ పక్కకు చేరవేశాను. ముసలాయనా నేనూ కలిసి బండరాళ్ళు దొర్లించి కాలవ గట్టుకు చేర్చాం. వాటి చోట ఊక సంచులు పెట్టాం. ఒక రాయి దగ్గర నేను ఆగిపోయాను. ఆయన దాన్ని తనే దొర్లించుకుపోయాడు.

మిల్లు నుంచి కాస్త ముందుగా బయటపడి, ఆ సీజనంతా రోజూ సాయంత్రం వెళ్ళాను. ఊడ్చే వాళ్ళకు చాలా ముందుగా, తూర్పు వైపు, పొద్దు కళ్ళలో పడే వాళ్ళకు కనబడేలా ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవాణ్ణి. స్కూటర్ల వాళ్ళను దిగి నడిపించుకు పొమ్మనేవాణ్ణి. "రోడ్డు ఖాళీగానే ఉంది కదండీ?" అనేవాళ్ళు. వంగి ఒక గుప్పెడు గింజ తీసి చూపించేవాణ్ణి. కొందరు వినేవాళ్ళు. కొందరు నన్ను పిచ్చివాడిలా చూసి పోయేవాళ్ళు, అలాంటివాళ్ళ బండి చప్పుడు దూరమయ్యే దాకా, ఆ గరగర మళ్ళీ వినబడుతుందేమోనని నిలబడేవాణ్ణి.

"సాయంత్రాలేనా బాబూ? పొద్దున్న కూడా వచ్చి లారీల్ని కట్టె మీదికి తోలండి" అనేది పెద్దావిడ. నేను నవ్వలేకపోయేవాణ్ణి. ఆవిడకది తెలిసి, ఇంకో చుట్ట వెలిగించుకునేది.

ఆ మినుములు మా మిల్లుకే వచ్చాయి. చేత్తో తీసి చూస్తే రాళ్ళు ఉన్నాయి. తరుగు తీయడం నా ఉద్యోగం, తీశాను. సాయంత్రం ఆ సంచులు మా ఇంటి అరుగు మీద దింపించి, నేనూ నా భార్యా చేటలు పట్టుకుని చెరిగి, రాళ్ళు ఏరాం. మర్నాడు తరుగు లేకుండా మళ్ళీ తూకం వేయించాను.

ఆ తర్వాత నా భార్య మళ్ళీ నా బండి ఎక్కింది. ఉప్పాడ తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు ఆ కాలవ దగ్గర, ఊక సంచులు మొదలైన చోట, నేను చెప్పకముందే దిగిపోయింది. చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది. గింజ మీద ఒక్కో అడుగు చూసుకుంటూ ముందు నడిచింది. నేను ఇంజన్ ఆపి, బండి తోసుకుంటూ వెనక నడిచాను.